ముడులన్నీ బయటికి

హైదరాబాద్ ఎండల్లో ఊలు ఎవరిక్కావాలని చందానగర్ మార్కెట్లో దారాల కొట్టాయన మొదట్లో జయలక్ష్మిని చూసి నవ్వేవాడు. ఊరంతా మే నెలలో మాడిపోతున్నా హైటెక్ సిటీ అద్దాల మేడల్లో ఆడపిల్లలు ఏసీ కింద చేతులు చంకల్లో దోపుకుని వణుకుతుంటారని ఆయనకి తెలియదు. జయలక్ష్మికి మాత్రం ఎలా తెలుసు, ఎదురు ఫ్లాటులో ఉండే ఆమని చెప్పబట్టి గానీ.

జయలక్ష్మి భర్త సీతారామాంజనేయులు పక్కనే ఉన్న రామచంద్రాపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. టౌన్‌షిప్ క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో పక్కింటి పంజాబీ ఆవిడ జయలక్ష్మికి అల్లిక నేర్పింది. "సీదా, ఉల్టా, సీదా, ఉల్టా" అంటూ ఆవిడ చెప్పిన మాటలే ఇప్పటికీ జయలక్ష్మి నోట్లో మెదులుతాయి. కూతురు హరిత పెళ్ళి చేసుకుని మియాపూర్‌లో కాపురం పెట్టాక అల్లిక మరీ ఎక్కువైంది. పుస్తకాలు చూసి అల్లడం ఆమెకి రాదు. ముందు అరచేయంత ముక్క అల్లుతుంది. దాన్ని కుంకుడు రసంలో ఉతికి ఆరేసి, ఎంత సాగిందో, ఎంత ముడుచుకుందో చూస్తుంది. ఆ తర్వాతే అసలు బట్ట మొదలుపెడుతుంది.

ఆమని నరసాపురం పిల్ల. రాయదుర్గంలో ఒక కంపెనీలో టెస్టర్. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే ఆమె పని. జయలక్ష్మి మొదటిసారి ఆమెకొక పొట్టి కోటు అల్లిచ్చినప్పుడు వారం రోజులు ఆఫీసుకి తొడుక్కెళ్ళి తిరిగొచ్చి, "చాలా బాగుంది ఆంటీ. కానీ చెయ్యి కుర్చీకి తగులుకుంటోంది. ఇది బగ్" అంది.

"బగ్గంటే?"

"పురుగు ఆంటీ. మీ కోటుకి పురుగు పట్టింది."

జయలక్ష్మి పగలబడి నవ్వి, ఆ చేతిని మోచేతి దాకా విప్పేసి మళ్ళీ అల్లింది. ఇక అక్కణ్ణించి ఏది అల్లినా ముందు ఆమని తొడుక్కోవాల్సిందే. భుజం దగ్గర పట్టేస్తోందనో, ల్యాప్‌టాప్ బ్యాగు రాసుకుని నూగు లేస్తోందనో ఏదో ఒకటి చెప్పేది. ఆ కోట్లు చూసి ఆఫీసులో మిగతా అమ్మాయిలు కూడా అడగడం మొదలుపెట్టారు. కొట్టాయన నవ్వడం మానేశాడు.

ఆమనికి నెల తప్పిందని తెలిసినప్పుడు జయలక్ష్మి ఎవరి ఆర్డరూ ముట్టుకోకుండా పసిపిల్ల స్వెట్టరు మొదలుపెట్టింది. పసుపు రంగు మెత్తటి ఊలు. తల మీదుగా తొడిగేటప్పుడు పాప ఏడవకుండా భుజం మీద బొత్తాలు వచ్చేలా ఆలోచించి పెట్టింది. ఆమని సాయంత్రం క్యాబ్ దిగి నేరుగా వీళ్ళింటికే వచ్చి, సూదుల మీద వేలాడుతున్న ఆ ముక్కని తన పొట్టకి ఆనించుకుని చూసుకునేది.

ఆరో నెలలో ఒక పొద్దున, ఆమని భర్త ఆదర్శ్ ఆమెని దాదాపు ఎత్తుకున్నట్టుగా లిఫ్టులోకి తీసుకెళ్ళడం జయలక్ష్మి గుమ్మంలోంచి చూసింది. రెండు రోజుల తర్వాత వాళ్ళిద్దరే తిరిగొచ్చారు.

జయలక్ష్మి పప్పుచారు, చామదుంపల వేపుడు క్యారియర్లో పెట్టి పంపింది. తను మాత్రం వెళ్ళలేకపోయింది. వెళ్ళి ఏం మాట్లాడాలి? స్వెట్టరుని సూదులతో సహా పాత చీరలో చుట్టి, బీరువాలో అట్టడుగున పెట్టేసింది.

కొన్ని వారాల తర్వాత ఆమనే వచ్చింది. మొహం పీక్కుపోయింది. జుట్టు ఎలాగో ముడేసుకుంది. సోఫాలో కూర్చుని చాలాసేపు ఫ్యాను కేసి చూసి, "పాప స్వెట్టరు ఏం చేశారు ఆంటీ?" అంది.

"లోపల పెట్టానమ్మా. విప్పేస్తాలే."

"వద్దు, విప్పకండి. మా టీమ్‌లో ఉమాశ్రీ అని ఉంది, వచ్చే నెల డెలివరీ. పూర్తిచేసి ఇవ్వండి, తనకిస్తాను. నాకు వేరేది కావాలి ఆంటీ. పుట్టి పోయిన పిల్లలకి పట్టే బట్టలు."

జయలక్ష్మి చేతిలో మంచినీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది.

ఆమని చెప్పింది. పాప పుట్టాక, ఊపిరి లేదని చెప్పాక, చూపిస్తాం అన్నారట ఆసుపత్రి వాళ్ళు. ఆదర్శ్ కిందికి పరిగెత్తి, ఎదురుగా ఉన్న కొట్లో అన్నిటికన్నా చిన్న గౌను కొనుక్కొచ్చాడు. తెల్లది, అంచున గులాబీ రంగు లేసు.

"తొడిగితే మెడలోంచి పాప మొత్తం జారిపోయింది ఆంటీ. అరకిలో పాప. ఆ గౌను నెలలు నిండి పుట్టిన పిల్లలది, మా పాప అంత కూడా లేదు. సిస్టర్ ఆ గౌను మడిచి పక్కన పెట్టి, ఆకుపచ్చ గుడ్డలో చుట్టి ఇచ్చింది. ఆపరేషన్ థియేటర్‌లో వాడతారే, అది. ఆవిడ చాలా మంచిది. ఎంతో శుభ్రంగా చుట్టింది. కానీ అది గుడ్డే కదా ఆంటీ. బట్టలు కాదు కదా."

జయలక్ష్మి గ్లాసు కింద పెట్టింది. "అలాంటివి అల్లకూడదమ్మా" అంది మెల్లిగా. "పచ్చని ఇల్లు. నువ్వు ఇంకా పిల్లల్ని కనాల్సినదానివి. అయిందేదో అయింది. మర్చిపోవాలి."

ఆమని తలూపింది. వాదించలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మర్చిపోవడానికైనా ఏదో ఒకటి చూసుండాలి కదా ఆంటీ. నేను చూసింది గుడ్డనే" అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం జయలక్ష్మికి కునుకు పట్టలేదు. మంచం మీద అటూ ఇటూ దొర్లింది. ఆమెకి హరిత మొదటి బిడ్డ కాదు. పెళ్ళయిన మరుసటేడు తణుకులో, పుట్టింట్లో పురుడుకని వెళ్ళినప్పుడు, తొమ్మిది నెలలూ నిండిన ఆడపిల్ల పుట్టింది. పుట్టిందని, పోయిందని రెండు సంగతులూ ఆమెకి ఒకేసారి చెప్పారు. మత్తు వదిలి కళ్ళు తెరిచేసరికి పక్కన ఎవరూ లేరు. "చూడకపోవడమే మంచిది" అన్నారు అందరూ. తల్లి అంది, అత్తగారు అంది, నర్సు అంది. అప్పట్లో అదే పద్ధతి. పాలు ఎండిపోవడానికి మాత్రలిచ్చారు. రామచంద్రాపురం తిరిగొచ్చాక పగలంతా గోడలకేసి చూస్తూ కూర్చుంటే, పక్కింటి పంజాబీ ఆవిడ ఏమీ అడక్కుండా రెండు సూదులూ ఒక ఊలు ఉండా తెచ్చి చేతిలో పెట్టింది. అల్లిక నేర్చుకున్నది అందుకు. ఆ మాట హరితకి కూడా తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఎదురింటి బెల్లు కొట్టి, తలుపు తీసిన ఆమనితో, "ఊలు పనికిరాదు, గుచ్చుకుంటుంది. సన్న నూలు దారం కావాలి. కొట్టు తెరవగానే వెళ్దాం, తయారవ్వు" అంది.

మొదట అల్లింది మామూలు చొక్కానే, కాకపోతే బాగా చిన్నది. రెండు పొట్టి చేతులు, ముందు బొత్తాలు, నెత్తికి నిమ్మకాయంత టోపీ. అది పట్టుకుని ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. కొండాపూర్ దాటాక ఉన్న పెద్ద ఆసుపత్రి అది. లోపలికి అడుగు పెట్టగానే ఆమని జయలక్ష్మి చెయ్యి పట్టుకుంది. కాన్పుల వార్డు హెడ్ నర్సు ప్రియదర్శిని వాళ్ళని తన గదిలో కూర్చోబెట్టింది. ఆమనిని గుర్తుపట్టింది. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసింది. తర్వాత ఆ చొక్కాని అరచేతిలో పరుచుకుని చూసింది.

"మస్తుగ అల్లిన్రమ్మా. గానీ..." అని ఆమని వైపు చూసి ఆగింది.

"చెప్పండి సిస్టర్. నేను చూశాను కదా" అంది ఆమని.

"గంత చిన్న పిల్లల తోలు తడిసిన కాయితం లెక్కుంటది. చెయ్యి వంచి గీ చేతిలకు దూర్చుడు మాతోని గాదు. గుంజితే ఊడొస్తది. తలకాయ మీదికెల్లి అసలే ఎక్కదు. బొత్తాలు గూడ వద్దు, అచ్చు పడ్తయి." ఆమె గొంతు బాగా తగ్గించి చెప్తోంది. "ఇంకోటేందంటే, తడి ఉంటది జర. లోపటి దిక్కు గరుకుంటే అంటుకుంటది. మళ్ల తీస్తానికి రాదు."

జయలక్ష్మి వింటూ ఉంది. ఇన్నేళ్ళుగా ఆమె అల్లినవన్నీ కదిలే ఒంటికోసం. చేతులెత్తితే సాగాలి, వంగితే పైకి లేవకూడదు, పాకితే మోకాళ్ళ దగ్గర చిరగకూడదు. కదలని ఒంటికి ఏం కావాలో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

"అయితే తొడగడం కాదు సిస్టర్. పడుకోబెట్టాలి" అంది చివరికి. "ముందు బట్టని పరిచి, దాని మీద బిడ్డని పడుకోబెట్టి, రెండు వైపుల నుంచీ మూసెయ్యాలి. పుస్తకం మూసినట్టు."

"గట్లనైతే అయితది" అంది ప్రియదర్శిని.

ఇంటికొచ్చి పాత క్యాలెండరు కాగితాలు కత్తిరించి నేల మీద పరిచారు. వెనక భాగం ఒకటే పలక. దానికి రెండు పక్కలా రెండు రెక్కలు, ఒకదాని మీద ఒకటి మడతపడేలా. చేతుల చోట గొట్టాలకి బదులు భుజం మీంచి వాలే చిన్న రేకులు. చెయ్యి ఎలా ఉంటే అలా ఉంచి, పైన ఆ రేకు కప్పి, కింద సన్న రిబ్బనుతో ముడేస్తే చాలు. టోపీ కూడా వెనకవైపు తెరిచే ఉంటుంది.

కానీ పట్టిందో లేదో ఎలా తెలియాలి? ఇన్నాళ్ళూ ఏది అల్లినా తొడుక్కుని చెప్పడానికి ఆమని ఉంది. దీన్ని ఎవరు తొడుక్కుని చెప్తారు? మార్కెట్లో బొమ్మ కొనుక్కొచ్చారు గానీ, దాని ప్లాస్టిక్ చేతులు కర్రల్లా చాపుకుని ఉన్నాయి. జయలక్ష్మి దాన్ని పక్కన పడేసి, మెత్తటి పాత పంచె చింపి, తలా ఒళ్ళూ కాళ్ళూ చేతులూ వచ్చేలా చిన్న సంచీ కుట్టింది. వంటింట్లోకి వెళ్ళి త్రాసులో బియ్యం తూచి, అందులో పోసి, మూతి కుట్టేసింది. బియ్యం కదా, ఎటు పడుకోబెడితే అటు సర్దుకుంది. తలకింద చెయ్యి పెట్టకపోతే వెనక్కి వాలిపోయింది.

అల్లిన చొక్కాని బల్ల మీద పరిచి, ఆ బియ్యపు బొమ్మని దాని మీద పడుకోబెట్టి, రెక్కలు మూసి రిబ్బన్లు కట్టింది. సరిగ్గా పట్టింది. భుజం దగ్గర ఒక వరుస ఎక్కువైనట్టుంది. "చూడు, ఇక్కడ లూజుగా లేదూ?" అంటూ బొమ్మని తీసి ఆమని చేతిలో పెట్టింది, అలవాటు కొద్దీ.

ఆమని రెండు చేతుల్తో అందుకుంది. అందుకోగానే ఆమె మొహం మారిపోయింది.

"ఇంతే" అంది. "ఇంతే బరువు ఆంటీ. నేను ఇంటికొచ్చాక ఎన్ని ఎత్తి చూశానో తెలుసా? పెరుగు ప్యాకెట్టు, నీళ్ళ సీసా, ఫోను, పుస్తకం... ఏదీ సరిపోలేదు. నేనే మర్చిపోయానేమో అనుకున్నాను."

ఆమె ఆ బొమ్మని గుండెకి ఆనించుకుని సోఫాలో ఒదిగి కూర్చుంది. ఏడుపు సన్నగా మొదలై, ఆగకుండా చాలాసేపు వచ్చింది. జయలక్ష్మి ఆమె వీపు రాస్తూ పక్కన కూర్చుంది. అప్పుడే ఆదర్శ్ ఆఫీసు నుంచి వచ్చినట్టున్నాడు, మెడలో ఐడీ కార్డు అలాగే ఉంది. తెరిచి ఉన్న తలుపులోంచి భార్యని, ఆమె చేతుల్లో తెల్లచొక్కా కట్టుకున్న ఆ బొమ్మని చూశాడు. ఒక్క అడుగు లోపలికి వేసి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, ఎదుటి తలుపు తాళం తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమని రాలేదు. జయలక్ష్మి ఒక్కతే అల్లింది. లిఫ్టులో ఒకరోజు ఆదర్శ్ ఒక్కడే కలిశాడు. పైకి వచ్చేదాకా నేలకేసి చూస్తూనే ఉన్నాడు. తలుపు తెరుచుకున్నాక కూడా దిగకుండా, "ఆంటీ, ఆ రోజు గౌను కొన్నాను కదా. ఆ కొట్టతను డబ్బాలో పెట్టిస్తూ కంగ్రాచ్యులేషన్స్ అన్నాడు" అన్నాడు. "నేను థాంక్యూ అన్నాను. ఆమనికి చెప్పలేదు."

లిఫ్టు తలుపులు మూసుకోబోతే జయలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టింది. "చెప్పు నాయనా. తనకే చెప్పు" అంది.

చెప్పాడో లేదో ఆమెకి తెలియదు గానీ, ఆ శనివారం ఆమని మళ్ళీ వచ్చింది. "ఇవ్వండి ఆంటీ, నేను చివర్లు దోపుతాను" అంటూ సూది అందుకుంది.

అల్లిక అయిపోయాక అసలు పని మిగిలే ఉంటుంది. మొదలుపెట్టిన చోట, ఆపిన చోట, దారం మారిన చోట పోగుల చివర్లు వేలాడుతుంటాయి. వాటిని సూదికెక్కించి కుట్ల వెనకాల దోపెయ్యాలి. ఏ బట్టకైనా ఆ ముడులన్నీ లోపలివైపు దాచేస్తారు, చూసేవాళ్ళకి బయట అందంగా ఉండాలని. దీనికి తలకిందులు. ఒంటికి తగిలే వైపు నున్నగా, గీత కూడా లేకుండా ఉండాలి. అందుకని ముడులన్నీ బయటికి వేశారు. వాటి మీద ఆమని చిన్న చిన్న తెల్లపూలు కుట్టింది. తర్వాత ఉతికి, తువాలులో చుట్టి నీరు పిండకుండా ఒత్తి తీసి, పరుపు మీద గుండుసూదులతో అంచులు చదునుగా పట్టి, ఫ్యాను కింద ఆరబెట్టారు. సీతారామాంజనేయులు భోజనానికి లేచి, పరుపు నిండా పరిచి ఉన్న ఆ బుల్లి చొక్కాల్ని చూసి, చప్పుడు చెయ్యకుండా ఆ గది తలుపు దగ్గరగా వేశాడు.

ఆసుపత్రిలో ఇచ్చొచ్చాక ఫోను కోసం ఇద్దరూ ఎదురుచూశారు. ఎదురుచూస్తున్నామని ఒకరితో ఒకరు అనుకోలేదు. అది రావాలని కోరుకోవడమంటే ఏం కోరుకోవడమో ఇద్దరికీ తెలుసు.

ఫోను వచ్చింది. జయలక్ష్మి స్పీకరు పెట్టింది.

"అమ్మా, ఇయ్యాల ఒకటి వాడినం" అంది ప్రియదర్శిని. "జీడిమెట్ల దిక్కు నుంచి వచ్చిన్రు. బాబు. మంచిగ పట్టింది. పండవెట్టి మూసినమంతే, ఏం పరేషాన్ కాలే. రిబ్బన్ ఒక్కటి జర పొడుగైంది, మెడ కాడ ముడి పెద్దగ కనవడ్డది. టోపీ సరిపోయింది."

"వాళ్ళమ్మ..." అంది ఆమని.

"ముందుగాల వద్దన్నది. నేను చూడనే చూడ, తీస్కపోండ్రి అన్నది. బట్టలేసినం, ఒక్కసారి చూడు బిడ్డా అన్న. బట్టలా, అన్నది. గప్పుడు తీస్కున్నది. చానసేపు ఇయ్యలే అమ్మా. వేళ్ళు లెక్కవెట్టుకున్నది. ఆయన గూడ ఎత్తుకున్నడు."

ఫోను పెట్టేశాక ఆమని కళ్ళు తుడుచుకుని, కత్తెర తీసుకుని, మిగిలిన చొక్కాలన్నిటి రిబ్బన్లూ కురచ చేసింది.

అలా వర్షాకాలం గడిచింది. జయలక్ష్మి, ఆమని కలిసి మూడు సైజులు తయారుచేశారు. కానీ ఆదర్శ్ ఆ ఇంట్లో ఉండలేకపోయాడు. పాప కోసం రంగు వేయించిన గది తలుపు ఎప్పుడూ మూసే ఉంచేవారు. దసరా వెళ్ళాక తెల్లాపూర్‌లో ఫ్లాటు కిరాయికి తీసుకున్నారు. వెళ్ళేముందు ఆమని వచ్చి జయలక్ష్మిని గట్టిగా పట్టుకుని, "నేను ఇంక ఈ పని చెయ్యలేను ఆంటీ. కోపం తెచ్చుకోకండి. ఒక్కోటి కుట్టినప్పుడల్లా మళ్ళీ ఆ వార్డులో ఉన్నట్టే ఉంటోంది" అంది.

"కోపమెందుకమ్మా. నువ్వు చెయ్యాల్సింది చేశావు" అంది జయలక్ష్మి. సామాన్ల లారీ గేటు దాటేదాకా బాల్కనీలో నిలబడింది.

ప్రియదర్శిని మళ్ళీ ఫోను చేసింది కార్తీకంలో. "అమ్మా, ఒక్కొక్కపారి నిండు నెలల పిల్లలు గూడ పోతరు. గా సైజువి లేవు మా దగ్గర. రెండు అల్లిస్తరా?"

జయలక్ష్మి సరేనంది. కొలత అడగలేదు. పెద్ద సైజు చొక్కా మొదలుపెట్టిన రోజు ఆమె చేతులు మామూలుగానే నడిచాయి. సగం అయ్యాక మాత్రం సూదులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఎదుట సీతారామాంజనేయులు పేపరు చదువుకుంటున్నాడు.

"ఇది పెద్దదిగా ఉందేం?" అన్నాడు ఆయన, కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

"నిండు నెలల బిడ్డకి."

ఆయన మళ్ళీ పేపరు ఎత్తాడు గానీ చదవడం లేదని తెలుస్తూనే ఉంది.

"ఏమండీ" అంది జయలక్ష్మి. "మన పాపకి ఏం కట్టారు?"

నలభై ఏళ్ళ పైబడి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. ఆయన పేపరు మడిచాడు. మడిచిందే మళ్ళీ మడిచాడు.

"నాకు తెలీదు జయా."

"తెలీకపోవడమేమిటి? మీరే కదా తీసుకెళ్ళింది."

"నేనే తీసుకెళ్ళాను. మీ నాన్నగారు తెచ్చి నా చేతుల్లో పెట్టారు. 'చూడకు బాబూ, చూస్తే మర్చిపోలేవు' అన్నారు. నేను తల తిప్పుకునే ఉన్నాను. కాలవగట్టు దాకా తల తిప్పుకునే నడిచాను. నూలుగుడ్డ. చేతికి మెత్తగా తగిలింది. అదొక్కటే తెలుసు. చూడకపోయినా మర్చిపోలేదు."

ఇన్నేళ్ళూ జయలక్ష్మికి ఒక నమ్మకం ఉండేది. తను చూడలేదు గానీ, ఆయన చూశాడు. ముక్కు ఎవరిదో, జుట్టు ఎంత ఉందో ఆయనకి తెలుసు. తనకి బాధ కలుగుతుందని దాచుకున్నాడు. ఎప్పుడో ఒకప్పుడు అడిగితే చెప్తాడు. ఆ నమ్మకంతోనే అడక్కుండా ఉండగలిగింది. ఇప్పుడు అడిగింది. ఆ బిడ్డ మొహం లోకంలో ఎవరి దగ్గరా లేదని తేలింది.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. కడిగి బోర్లించిన గిన్నెలే మళ్ళీ కడిగింది. కోపం వచ్చింది. ఆయన మీద, ఎప్పుడో పోయిన తండ్రి మీద, కళ్ళు తెరవడానికి అంతసేపు తీసుకున్న తన మీద. సాయంత్రం దాకా మాట్లాడలేదు. దీపం పెట్టే వేళకి హాల్లోకి వచ్చేసరికి ఆయన అలాగే ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఆమె వదిలేసి వెళ్ళిన ఆ సగం చొక్కా ఆయన ఒళ్ళో ఉంది. సూదుల మీంచి కుట్లు జారిపోకుండా రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకుని ఉన్నాడు, ఎప్పటినుంచి పట్టుకున్నాడో.

"ఇలా ఇవ్వండి" అంది. ఇచ్చాడు. ఆమె కింద ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని మిగిలిన వరుసలు అల్లింది.

అది ఉతికి, ఆరబెట్టి, రిబ్బన్లు కుట్టాక, "నేనూ వస్తాను" అన్నాడు ఆయన. సంచీ తనే పట్టుకున్నాడు. ఆసుపత్రిలో ప్రియదర్శిని చొక్కా విప్పి చూసి, లోపలివైపు చేత్తో నిమిరి, "మంచిగుంది" అని అలమార్లో పెట్టింది. కారిడార్‌లో ఎవరి బిడ్డో గట్టిగా ఏడుస్తోంది. ఆ ఏడుపు వినపడినంతసేపూ సీతారామాంజనేయులు కదలకుండా నిలబడ్డాడు.

తిరిగొచ్చేటప్పుడు కొత్తగూడ దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోయింది. ఆఫీసులు వదిలే వేళ. మెడల్లో కార్డులతో పిల్లలు గుంపులు గుంపులుగా రోడ్డు దాటుతున్నారు.

"ఏ పేరు అనుకున్నావు అప్పట్లో?" అని అడిగాడు ఆయన, రోడ్డు కేసి చూస్తూనే.

జయలక్ష్మి ఆలోచించింది. ఏదో పేరు అనుకున్న సంగతి గుర్తుంది. తణుకులో డాబా మీద పడుకుని, పొట్ట మీద చెయ్యేసుకుని, ఆ పేరు తనలో తను పలుక్కోవడమూ గుర్తుంది. పేరు మాత్రం ఎంత వెతికినా రాలేదు.

"గుర్తు రావడం లేదండీ" అంది.

ఆయన సరేనన్నట్టు తలూపి, ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. పచ్చలైటు పడింది. ఆటో కదిలింది. చందానగర్‌లో దిగి, ఇంట్లో కూరేమీ లేదని గుర్తొచ్చి, ఇద్దరూ మార్కెట్ వైపు నడిచారు.